జెనోబియా కూర్చున్న ఆదివారం

ఏదెను తోట వాకిట దేవుడు కెరూబులను, గిరగిర తిరిగే అగ్నిఖడ్గాన్ని కాపలా పెట్టాడని లేఖనాలు చెబుతున్నాయి. ఆ కొలువును మా మౌంట్ నెబో బాప్టిస్టు సంఘపు ద్వారపాలక మండలికి అప్పగించి ఉంటే ఖడ్గంతో పని ఉండేది కాదు. తెల్లని చేతితొడుగులు సరిపోయేవి. అలబామాలోని మా బెల్‌ఫ్లవర్ పట్టణంలో చట్టాలు మారాయి, మేయర్లు మారారు, పత్తి పోయి కోళ్ళ ఫ్యాక్టరీ వచ్చింది. మారనిది మా మండలి ఒక్కటే.

ఆరాధన జరుగుతున్నంతసేపు ద్వారపాలకులు గొంతెత్తి మాట్లాడరు. మా రాజ్యభాష చేతులది. రొమ్ము మీద పరచిన అరచేయి చూపితే, వచ్చినవారిని కూర్చోబెట్టమని అర్థం. వీపు వెనక బిగించిన పిడికిలి చూపితే, తలుపు మూయమని. నడుము మీద చేయి వేస్తే, ఎవరికో ఆత్మావేశం వచ్చింది, విసనకర్ర పట్టుకుని పరుగెత్తమని. వీటన్నిటికీ మించిన ధర్మం ఒకటుంది: కాపలాలో ఉన్న ద్వారపాలకుడు కూర్చోరాదు. మోకాళ్ళు అరిగినా, ప్రసంగం మధ్యాహ్నం దాటినా, మిన్ను విరిగి మీద పడినా సరే.

ఈ సామ్రాజ్యానికి మహారాణి సిస్టర్ జెనోబియా టాలివర్. ఎనభై ఏళ్ళ మనిషి. పూర్వం అదే పేరుగల రాణి ఒకతె పాల్మైరాను ఏలుతూ రోమును ఎదిరించి ఓడిపోయిందని చరిత్ర. మా జెనోబియా ఎదిరించింది బెల్‌ఫ్లవర్‌ను. ఓడిపోయానని ఆమె ఇంతవరకు ఒప్పుకోలేదు.

మా నల్లవాళ్ళ పౌరహక్కుల ఉద్యమం రోజుల్లో, పందొమ్మిదేళ్ళ వయసులో, ఆమె ఒక ఆదివారం ఇద్దరు కాలేజీ స్నేహితులతో కలిసి కోర్టు వీధిలోని తెల్లవాళ్ళ చర్చికి ఆరాధనకు వెళ్ళింది. వాకిట నిలబడ్డ ద్వారపాలకుడు, చేతితొడుగులు వేసుకున్న ఒక పెద్దమనిషి, చిరునవ్వు చెదరకుండా ఆమె మోచేయి పట్టుకున్నాడు. పెళ్ళికూతుర్ని నడిపించినంత మర్యాదగా మెట్లు దింపి, కాలిబాట మీద వదిలి, "దేవుడు నిన్ను దీవించుగాక" అని చెప్పి, లోపలికి వెళ్ళి గడియ వేసుకున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఆ తరవాత ఆమె లాఠీలు చూసింది, పోలీసు కుక్కలు చూసింది, జైలు చూసింది. వాటి ఊసు ఎత్తదు. మోచేయి సంగతి మాత్రం చెబుతుంది.

"కుక్క కరిచిన చోట మానిపోయిందయ్యా. ఆయన పట్టుకున్న చోటే ఇంకా చురుక్కుమంటుంది."

ఆ వారమే ఆమె మా మండలిచేత ఒక శాసనం చేయించింది: నెబో తలుపు ఎవరి ముఖాన మూయరాదు. ఈ శాసనానికి పరీక్ష వెంటనే వచ్చింది. ఉద్యమ సభలకు షెరీఫ్ పోలీసులు వచ్చి, ఎవరెవరు వచ్చారో గుర్తుపెట్టుకోవడానికి చివరి బల్ల మీద కూర్చునేవారు. జెనోబియా వాళ్ళకు కీర్తనల పుస్తకాలు ఇచ్చింది, అట్ట విసనకర్రలు ఇచ్చింది. ఆ విసనకర్రల వెనక మా శవపేటికల దుకాణం చిరునామా అచ్చువేసి ఉండేది. అది ఆతిథ్యమో హెచ్చరికో వాళ్ళకు చివరిదాకా అంతుపట్టలేదు.

ఇప్పుడు ఆ శాసనాన్ని రద్దు చేయాలని పట్టుబట్టినవాడు షెరీఫ్ మనవడు కాడు. జెనోబియా సొంత మేనల్లుడు, మా మండలిలోనే కుడి నడవ కాపలాదారు లూషియస్. ఏ షెరీఫ్ కార్యాలయం ఒకనాడు మేనత్త మీదికి కుక్కలను వదిలిందో, అదే కార్యాలయంలో అతడు జీవితమంతా డిప్యూటీగా పనిచేసి, సన్మానం చేయించుకుని, గోడగడియారం బహుమానంగా పుచ్చుకుని రిటైరయ్యాడు. ఉద్యమం ఫలించిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆ ఫలమే ఇప్పుడు తలుపుకు తాళం వేయమంటున్నది.

వేరే ఊళ్ళలో ప్రార్థనలో ఉన్నవాళ్ళను కాల్చి చంపిన వార్తలు మేమూ చూశాం. ఆరాధన మొదలుకాగానే తలుపులకు తాళాలు వేయాలని, తెలియని ముఖాన్ని వాకిలి దాటనివ్వకూడదని లూషియస్ తీర్మానం పెట్టాడు. ద్వారపాలకుల వార్షికోత్సవ ఆదివారం నాడు, భోజనాలయ్యాక, సంఘమంతా ఓటు వేయాలి.

ఆ ఉదయం దుస్తుల గదిలో అత్తా అల్లుళ్ళ సంభాషణ ఎడమ నడవ కాపలావాణ్ణయిన నా చెవిన పడింది.

"ఎవడొచ్చినా రానిస్తావు. తుపాకీతో వస్తే ఏం చేస్తావత్తా?"

"విసనకర్ర ఇస్తా."

"జోకులాడకు. ఆ కాల్పులు జరిగిన చర్చిలో వాళ్ళు కూడా రమ్మనే అన్నారు. పక్కన కూర్చోబెట్టుకుని బైబిలు చేతికిచ్చారు. వాళ్ళనే కాల్చాడు వాడు."

"నాకు తెలీదట్రా? వాళ్ళ పేర్లు రోజూ ప్రార్థనలో తలుచుకుంటాను. నీకు ఒక్క పేరైనా గుర్తుందా?"

ఆమె అతని తెల్లకోటు కాలరు సర్ది, చేయి అక్కడే ఉంచింది.

"ఒరేయ్, ఇక్కడ ఉబ్బెత్తుగా ఉందేమిటి?"

"లైసెన్సుంది."

"నేనివ్వలేదు" అని ఆమె వెళ్ళి వాకిట నిలబడింది.

*

మొదటి కీర్తన సగంలో ఉండగా అతడు వచ్చాడు.

తెల్లవాడు. ఇరవై రెండు, మూడేళ్ళుంటాయి. నిద్రలేని కళ్ళు. జూన్ నెలలో అలబామా ఎండకు మనుషులు తమ చర్మాన్నే మోయలేరు. అతడు మెడదాకా జిప్పు బిగించిన మందపాటి చలికోటు తొడుక్కున్నాడు. రెండు చేతులతో ఒక నల్లసంచిని పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. అది బరువైనదని అతని భుజాలే చెబుతున్నాయి.

"ఆరాధనకే వచ్చావా నాయనా?" అంది జెనోబియా.

"అవునండీ. ఆలస్యమైపోయింది. వెళ్ళిపోమంటారా?"

"వెళ్ళిపొమ్మనే అలవాటు ఈ తలుపుకు లేదు. ఆ సంచి ఇలా ఇవ్వు, పక్కన పెట్టిస్తా."

"వద్దండీ!" అతడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా దగ్గరే ఉంచుకుంటా. ఇది కదలకూడదు."

"పోనీ కోటు తీసెయ్యి. ఉడికిపోతావు."

"వద్దండీ" అన్నాడు మళ్ళీ, జిప్పును ఇంకాస్త పైకి లాక్కుంటూ. నుదుటి మీది చెమట కనుబొమల దాకా దిగింది.

లూషియస్ పిల్లిలా వచ్చి ఆమె చెవి దగ్గర వంగాడు. "అత్తా, వద్దు. పంపించేద్దాం. గొడవేం చెయ్యను, తోడబుట్టినవాడిలా తీసుకెళ్తా. నవ్వుతూ మోచేయి పట్టుకుని మెట్లు..."

మాట అక్కడే ఆగిపోయింది. తాను ఏమంటున్నాడో లూషియస్‌కు అప్పుడు వినిపించింది.

జెనోబియా అతని వైపు చూడలేదు. అవతల మెట్లను చూసింది, ఇవతల గుడి లోపలికి చూసింది. ముందు మూడు వరుసల నిండా పిల్లల గాయక బృందం, పసుపు రిబ్బన్లతో. ఆమె శాసనం ఇంతకాలం వాకిట ఠీవిగా నిలబడింది. కానీ ఇంత దగ్గరగా, ఇంత చెమటతో, చేతిలో సంచితో ఎవరూ దానిని పరీక్షించలేదు. ఈ ఒక్కణ్ణి పంపించేస్తే మధ్యాహ్నం ఓటే అక్కర్లేదు. శాసనం ఆ మెట్ల మీదే చచ్చిపోతుంది. పంపించకపోతే చచ్చేది శాసనం కాకపోవచ్చు.

ఆమె అరచేయి రొమ్ము మీదికి వెళ్ళింది. కూర్చోబెట్టు.

ఆ ఆజ్ఞ నాకు. నేను పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. థర్మాపిలే కనుమలో స్పార్టా వీరులు ఎలా నిలబడ్డారో కళ్ళకు కట్టినట్టు చెప్పగలను. అతణ్ణి చివరి బల్ల దాకా నడిపించడానికి నాకు పట్టిన ధైర్యం ఆ వీరులకు పట్టి ఉండదు. అతడు నడవ పక్కనే కూర్చున్నాడు. సంచిని నేల మీద పెట్టలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు. విసనకర్ర ఇచ్చాను. థాంక్సండీ అన్నాడు గాని, విసురుకోలేదు. విసురుకుంటే సంచి వదలాలి.

కీర్తన ముగిసింది. పాస్టర్ ప్రూయిట్ గారు లేచి ఆనాటి వాక్యభాగం చదివారు. "భయపడకుము, నేను నీకు తోడైయున్నాను." దేవునికి హాస్యప్రియత్వం లేదనేవాళ్ళు ఆ ఉదయం మా చర్చికి వచ్చి ఉండవలసింది.

ప్రసంగం ఊపందుకునేకొద్దీ అతడు కుదురుగా లేకుండా పోయాడు. ఒక్కొక్క వరుసనూ, ఒక్కొక్క ముఖాన్నీ వెతుకుతున్నట్టు చూశాడు. కింది భోజనశాలకు దిగే మెట్ల వైపు చూశాడు. గోడగడియారం చూశాడు. కుడిచేయి సంచి మీదనుంచి తీసి కోటు లోపలికి పోనిచ్చాడు, ఏదో తడుముకున్నాడు, తీశాడు. కొంతసేపటికి మళ్ళీ.

కుడి నడవలో లూషియస్ చేయి వీపు వెనక పిడికిలి అయింది. తలుపు మూయండి. వాకిట ఉన్న జెనోబియా అరచేయి రొమ్ము మీదనుంచి కదలలేదు. తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డ ద్వారపాలకులిద్దరూ ఒకసారి పిడికిలినీ ఒకసారి అరచేతినీ చూస్తూ, గాలికి ఆడే బొమ్మల్లా రెక్కను సగం మూసి, సగం తెరిచి ఉంచారు. ఒక రాజ్యానికి రెండు జెండాలెగరడం మా మండలి చరిత్రలో అదే మొదలు. బల్లల మీద ఉన్నవాళ్ళకు ఇదేమీ తెలియదు. వాళ్ళు "ఆమేన్" అంటున్నారు.

మూడోసారి అతని చేయి కోటు లోపలికి వెళ్ళింది. లూషియస్ చేయి కూడా తన తెల్లకోటు లోపలికి వెళ్ళింది.

అంతదాకా భయం ఒకవైపు నుంచే వస్తున్నదనుకున్నాను. రెండు కోట్లు, రెండు చేతులు, మధ్యలో పసుపు రిబ్బన్లు.

లూషియస్ గోడవారగా చివరి బల్ల వైపు కదిలాడు. జెనోబియా కూడా కదిలింది. ఆమె మోకాళ్ళు ఆమె మాట వినడం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ఆమెకు దూరం తక్కువ. గంజి పెట్టిన తెల్లబట్టలు గరగరలాడుతుండగా నడవ దాటి, ఆ కుర్రవాడి పక్కకు వచ్చి, "కాస్త జరుగు నాయనా" అంది.

కూర్చుంది.

ఆ దృశ్యాన్ని తగిన గాంభీర్యంతో వర్ణించే శక్తి నాకు లేదు. బైబిలులో సూర్యుడు గిబియోను మీద కదలక నిలిచాడంటే నమ్మినవాళ్ళు కూడా నెబోలో జెనోబియా కూర్చుందంటే నమ్మరు. వెనక వరుసల్లో తలలు తిరిగాయి. వాటిని చూసి ముందు తలలు తిరిగాయి. పాస్టరుగారు వాక్యం మధ్యలో ఆగిపోయి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఎక్కడున్నారో మరిచిపోయి మళ్ళీ "భయపడకుము" దగ్గరే మొదలుపెట్టారు. లూషియస్ ఉన్నచోట ఉండిపోయాడు. ఇప్పుడు అతనికీ ఆ కుర్రవాడికీ మధ్య మేనత్త ఉంది.

ఆమె చిరునవ్వుతో ఆ కుర్రవాడి కుడిచేతిని కోటులోనుంచి పైకి తీసి, తొడుగులు వేసిన తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, మణికట్టు దగ్గర బిగించింది.

"ఇక్కడెప్పుడూ ఇలాగే చేస్తారాండీ?" అన్నాడతడు గొంతు తగ్గించి.

"ఎలా?"

"చెయ్యి పట్టుకోవడం."

"పండగ రోజుల్లోనే" అంది జెనోబియా.

ప్రసంగం అయ్యేదాకా ఆమె ఆ చేయి వదలలేదు. కానుకల పళ్ళెం వచ్చినప్పుడు అతడు ఎడమచేత్తోనే జేబు వెతుక్కోవలసి వచ్చింది. గండం గడిచిందని నేను అనుకుంటున్నంతలో, ప్రకటనలు చదివే సిస్టర్ లేచింది. మా ఆచారాల్లో దేనినైనా మార్చవచ్చు గాని అతిథుల స్వాగతాన్ని తప్పించడం దేవదూతల తరం కూడా కాదు. ఆమెకు చూపు ఆనదు. వెనక ఏం జరుగుతున్నదో ఆమెకు తెలియదు.

"మా మధ్య అతిథులెవరైనా ఉంటే దయచేసి లేచి, మీ పేరేంటో, ఎక్కణ్ణుంచి వచ్చారో చెప్పండి. మీరు చెప్పేదాకా మేం కదలం!"

అందరూ నవ్వి, నవ్వు ముగించి, వెనక్కి తిరిగి, ఎదురుచూశారు.

అతడు లేచాడు. జెనోబియా చేయి వదలకుండానే లేచింది.

"నా పేరు వేలన్ క్రాబ్‌ట్రీ అండీ. కోళ్ళ ఫ్యాక్టరీలో చల్లగది కడుగుతా, రాత్రి షిఫ్టు. నేను... ఊరికే రాలేదండీ. ఒకటి తెచ్చాను."

చుట్టూ చూసి, సంచిని బల్ల మీద ఆనించి, ఎడమచేత్తో జిప్పు పట్టుకున్నాడు. జిప్పు తెరుచుకునే చప్పుడు అంత పెద్ద గుడిలో అంత స్పష్టంగా ఎందుకు వినిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు. లూషియస్ కోటులోంచి నల్లనిదేదో బయటికి వచ్చి, అతని తొడకు ఆనుకుని ఆగింది. నేను నిలబడ్డ చోటినుంచి అది నాకొక్కడికే కనిపిస్తున్నది. అరుద్దామనుకున్నాను. థర్మాపిలే వీరుడి నోట మాట రాలేదు.

జెనోబియా తల తిప్పలేదు. తన వీపును మాత్రం లూషియస్ వైపుకు జరిపింది, నిటారుగా, తలుపులా. కాపలాలో గొంతెత్తకూడదన్న రెండో ధర్మాన్ని కూడా మంటగలిపి, గుడంతా వినేలా అంది:

"లూషియస్. చెయ్యి తియ్యి."

అంతే అంది. చిన్నప్పుడు బెల్లంపాకం గిన్నెలో వేలు పెట్టబోతే ఆ గొంతుతోనే అని ఉంటుంది. నల్లని వస్తువు వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

వేలన్ సంచిలోంచి మంచుపొట్లాల మధ్య నుంచి ఒక పెద్ద గాజుగిన్నె తీశాడు. మూత సరిగా పట్టక, దాని చుట్టూ తువ్వాలు కట్టి ఉంది. దానిని సంఘమంతటికీ కనిపించేలా ఒంటిచేత్తో పైకెత్తాడు.

"బంగాళాదుంప సలాడండీ" అన్నాడు.

గుడిని కొత్త భయం పట్టుకుంది. ఇందాకటి భయం కొందరిదే, ఇది అందరిదీ. మా జాతి సముద్రాలు దాటించబడింది, లాఠీలను తట్టుకుంది, ఓటు సంపాదించింది. ఎవరు చేశారో తెలియని బంగాళాదుంప సలాడును మాత్రం నోట పెట్టదు. అందులో ఎండుద్రాక్షలు వేయడం తెల్లవాళ్ళ అలవాటు, మాకు మహాపాపం.

పెద్దల వరుసలోంచి ఒక ముసలిగొంతు జాగ్రత్తగా అడిగింది: "ఎవరు చేశారు నాయనా?"

"మా అమ్మమ్మండీ. ఒకళ్ళ గుడికి ఖాళీ చేతులతో వెళ్ళకూడదని రాత్రే కట్టిచ్చింది."

"ఎండుద్రాక్ష గాని వేసిందా?"

"దండిగా వేసిందండీ" అన్నాడు గర్వంగా.

"ప్రభువా, కనికరించు!" అందెవరో. బిగించి ఉన్నదంతా ఒక్కసారి తెగినట్టు సంఘమంతా పగలబడి నవ్వింది. జెనోబియా నవ్వలేదు. ఆమె కూర్చుండిపోయింది, ఈసారి మోకాళ్ళ బలవంతం మీద.

*

అతడు వెతికిన ముఖం కింద వంటగదిలో ఉంది. ఫ్యాక్టరీలో అతనితో పనిచేసే మా సిస్టర్ ఎర్లీన్ పొద్దుటినుంచి అక్కడే కోడిముక్కలు వేయిస్తున్నది.

"వేలన్! నిజంగానే వచ్చావే! ఇదేం వేషంరా, ఆ కోటు తీసెయ్!"

"తియ్యలేనక్కా. షిఫ్టు నుంచి ఇటే వచ్చేశా. చొక్కా నిండా కోడిరక్తం. చెమటకి తడిసి కోటు మీదికొచ్చేస్తుందేమోనని ఇందాకట్నుంచి చూసుకుంటూనే ఉన్నా."

ఎర్లీన్ అతణ్ణి మందలిస్తూ కోటు లాగేసి, భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చొక్కా చేతులు పైకి మడిచినప్పుడు అతని కుడి మణికట్టు చుట్టూ ఎర్రని ముద్రలు కనిపించాయి. నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు.

అతడు ఆ ముద్రల్ని చూసుకుని, ఎదురుగా పళ్ళెంతో కూర్చున్న జెనోబియాను చూశాడు. "మీ చెయ్యి చాలా గట్టిదండీ."

జెనోబియా అబద్ధం చెప్పవచ్చు. ఆ బల్ల దగ్గరున్న మేమందరం అబద్ధమే చెప్పమని మనసులో బతిమాలుకున్నాం.

"నువ్వంటే భయమేసింది నాయనా" అంది. "అందుకు పట్టుకున్నా."

వేలన్ ముఖం ఎర్రబడింది. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. అతడు కుర్చీ అంచున కొంతసేపు ఊగాడు. "నాకూ భయమేసింది" అన్నాడు చివరికి. "గెంటేస్తారేమోనని. మీరు పట్టుకున్నాక గెంటరులే అనుకున్నా."

జెనోబియా గరిటె అందుకుని, సలాడును తన పళ్ళెంలో కొండలా పెట్టుకుంది. చేతితొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఎండుద్రాక్షలతో సహా తిన్నది. బల్లంతా ఊపిరి బిగబట్టి చూసింది. "అమ్మమ్మకు చెప్పు, ఉప్పు చాలలేదని" అంది. ఆమె మళ్ళీ వడ్డించుకోలేదు. అతడు అది గమనించలేదు.

భోజనాలయ్యాక ఓటు. వేలన్ నిద్రకు ఆగలేక అప్పటికే వెళ్ళిపోయాడు. గెలిచిన సేనాని ప్రసంగం వింటామనుకుని అందరూ జెనోబియా వైపు తిరిగారు. ఆమె కుర్చీ పట్టుకుని నిలబడింది.

"నేనతన్ని ఆదరించానని మీరనుకుంటున్నారు. లేదు. పట్టుకున్నాను. అరవయ్యేళ్ళ కిందట నన్ను పట్టుకున్నట్టే, తొడుగులేసుకుని, అదే నవ్వు నవ్వుతూ. తేడా ఒక్కటే. ఆయన పట్టుకుని బయట వదిలేశాడు. నేను పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆ తేడా చాలో చాలదో నాకు తెలీదు. ఇక మీ ఇష్టం."

లూషియస్ లేచాడు. అతని కోటు ఇప్పుడు చదునుగా ఉంది. కారులో పెట్టి వచ్చినట్టున్నాడు. "ఒక్కమాట చెప్పత్తా. ఆ సంచిలో సలాడు కాక ఇంకోటుంటే?"

ఆమె కుర్చీ వదిలి, తొడుగులు మళ్ళీ తొడుక్కుంది. లూషియస్ ఆ చేతులకేసి చూశాడు. తరవాత సభాధ్యక్షుడి వైపు తిరిగి, గొంతు సవరించుకుని, తన తీర్మానానికి తానే సవరణ ప్రతిపాదించాడు. మండలి ధర్మశాస్త్రంలో ఇన్నేళ్ళలో జరిగిన ఏకైక సవరణ అది, స్వల్ప ఆధిక్యంతో నెగ్గింది: తలుపుకు తాళం వేయరాదు, తెలియనివారు వచ్చినప్పుడు కాపలాలోని ద్వారపాలకుడు వారి పక్కన కూర్చోవచ్చును.

మరుసటి ఆదివారం వేలన్ మళ్ళీ వచ్చాడు. ఉతికిన చొక్కా, కోటు లేదు. సంచి మాత్రం ఇంకాస్త పెద్దది. వాకిట జెనోబియా అరచేయి రొమ్ము మీదికి వెళ్ళింది. కుడి నడవలో లూషియస్ ఒకసారి సంచిని, ఒకసారి మేనత్తను చూశాడు. పెదవులు బిగించి, తెల్లకోటు సర్దుకుని వెళ్ళి, చివరి బల్ల మీద అతని పక్కన కూర్చున్నాడు.

తన చేతులు రెండూ మోకాళ్ళ మీద, అందరికీ కనిపించేలా పెట్టుకున్నాడు.